ఐదు వందల బోర్డు

ఎల్డన్ కేట్స్‌ను ముంచింది సముద్రం కాదు, మీరు. లైల్ డెనిసన్, నువ్వు. క్లిఫర్డ్ ఫాస్, నీ సంతకం. ఎడమ చెయ్యి ఎత్తలేక, మాట కూడదీసుకోలేక ఆసుపత్రి మంచం మీద పడున్న మనిషి మీద "డైవర్ తప్పిదం" అని ముద్ర కొట్టి, ఫైర్ స్టేషన్ హాల్లో మిగిలిన డోనట్లు కాగితంలో చుట్టుకుని ఇంటికి పోయారు మీరు. సోమవారం ఆ మనిషి భార్య వెర్నా అదే రేవు నుంచి, అలాంటి సిలిండరే వీపున కట్టుకుని, అదే నీళ్లలోకి దిగాల్సి ఉంది. ఆ సోమవారం రాకముందే ఇది హాకెట్ రేవులో ప్రతి ఇంటికీ చేరాలని రాస్తున్నాను. నాకు అందంగా రాయడం రాదు. నేర్చుకునే తీరిక కూడా లేదు.

మన పనేమిటో లైల్ మర్చిపోయినట్టున్నాడు కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను. చలికాలంలో స్కాలప్ చిప్పలు చేత్తో ఏరతాం. ఇనుప వలలు ఈడ్చే పడవలు సముద్రం అడుగంతా గోకి పారేస్తాయి, మేం ఒక్కో చిప్పా చూసి తీస్తాం. కింద ఒక్కరు, పడవలో ఒక్కరు. వేసవి సెలవుల్లో చేపలు చూడ్డానికొచ్చేవాళ్లు జంటగా దిగుతారు. ఒకరి గాలి అయిపోతే రెండోవాళ్ల గాలి పంచుకుని పైకొస్తారు. మాకు కింద రెండో మనిషి లేడు. సిలిండర్లో మిగిలిన గాలే మా రెండో మనిషి. దాన్ని కత్తిరించడమంటే పక్కనున్నవాణ్ణి చంపేయడమే.

సిలిండర్ ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పింది మా నాన్న ఆసా హంట్లీ. ఈ రేవు నుంచి చిప్పలకు దిగిన మొదటివాళ్లలో ఆయనొకడు. ఆయన లెక్క వెనకనుంచి మొదలయ్యేది. "ముందు పైకి రావడానికి ఎంత కావాలో పక్కన పెట్టు. తాపీగా వచ్చే రోజుకి కాదు, ఏదో ఒకటి చెడిపోయి, గుండె నోట్లోకొచ్చి, ఎగరొప్పుకుంటూ వచ్చే రోజుకి. తర్వాత చిప్పల సంచి పైకి లేపడానికి ఎంత పోతుందో అది పక్కన పెట్టు. మిగిలింది పనికి. పనికి చాలదా, ఇంకా పెద్ద సిలిండర్ తెచ్చుకో. తెచ్చుకోలేవా, లోతు తగ్గించుకో. పక్కన పెట్టిందాన్ని మాత్రం ముట్టుకోకు" అనేవాడు. ఆయన వీపున ఉండేది పెద్ద ఇనుప సిలిండర్. నేలమీద మొయ్యాలంటే నడుం వంగిపోయేది. నీళ్లలో మాత్రం దాన్ని నమ్మొచ్చు.

ఆ సిలిండర్లకి మీటరు ముల్లు ఎంతలో ఉండాలో లెక్కగట్టి, రొయ్యల పెట్టె చెక్కమీద ఎర్రరంగుతో ఆయనే రాసి, గాలి నింపే షెడ్డు గుమ్మం మీద మేకులు కొట్టాడు: "ముల్లు ఐదు వందలకొస్తే పైకి." అందరూ దాన్ని ఆసా బోర్డు అన్నారు. కొత్తగా పనిలోకొచ్చినవాళ్లు దాన్ని తాకి పడవెక్కేవాళ్లు. ఆయన పోయాక కూడా తాకుతూనే ఉన్నారు. ఎల్డన్ కూడా ప్రమాదం జరిగిన రోజు పొద్దున్న తాకే వెళ్లాడు. అది నేను చూశాను.

పోయిన శరదృతువులో లైల్ ఆ ఇనుప సిలిండర్లన్నీ అమ్మేసి చిన్న అల్యూమినియం సిలిండర్లు తెచ్చిపెట్టాడు. రేవు అతనిది, కంప్రెసర్ అతనిది, మన చిప్పలు కొనేదీ అతనే. చిన్నవి తొందరగా నిండుతాయి, కంప్రెసర్ అరగదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

"మీ నడుముల కోసం తెచ్చాను. ముఖ్యంగా ఆడవాళ్లకి" అన్నాడు.

"నా నడుం సంగతి నేను చూసుకుంటా లైల్, నా ఊపిరి సంగతి నువ్వు చూడు" అన్నాను.

"ఏం మారింది తల్లీ? ముల్లు అదే, మీటరు అదే, ఐదు వందలు అదే ఐదు వందలు. మీ నాన్న బోర్డు కూడా అక్కడే ఉంది కదా."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను రెండు రోజులు అరిచాను. తర్వాత మా నాన్న పాత సిలిండర్నే పరీక్ష చేయించి, పక్క ఊళ్లో గాలి నింపించుకుని దిగుతున్నాను. అందరికీ పాత సిలిండర్ ఉండదు, పక్క ఊరికి పోయే ట్రక్కూ ఉండదు.

ఐదు వందలు అదే ఐదు వందలు కాదు. ముల్లు గాలి ఎంతుందో చెప్పదు, ఎంత గట్టిగా కూరారో చెప్తుంది. బకెట్లో బెత్తెడు నీళ్లున్నాయి, కప్పులోనూ బెత్తెడు నీళ్లున్నాయి, రెండూ బెత్తెడే కదా తాగు అంటే ఎవడైనా ఊరుకుంటాడా? పెద్ద సిలిండర్లో ముల్లు ఐదు వందలు చూపిస్తే ఎంత గాలి మిగులుతుందో, ఈ చిన్నదాంట్లో దానికి సగం కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది, అంతే. బోర్డు మారలేదు. బోర్డు వెనకున్న గాలి సగమైపోయింది. ఇంకో సంగతి. ఇనుప సిలిండర్ ఖాళీ అయినా బరువుగా కిందికే ఉంటుంది. అల్యూమినియంది ఖాళీ అవుతున్నకొద్దీ తేలుతుంది, మనిషిని పైకి లాగుతుంది. నెమ్మదిగా రావాల్సిన చోట తొందర పెడుతుంది.

ఇక సంచి. మన రేవు రోగమంతా ఆ సంచిలో ఉంది.

చిప్పలు నింపిన వలసంచి చేత్తో మోసుకు రాలేం. దానికి ఎర్రటి గాలితిత్తి కట్టి ఉంటుంది. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ తీసి, తిత్తి మూతి కింద పెట్టి, మీట నొక్కి గాలి పడతాం. తిత్తి ఉబ్బి సంచిని పైకి లాక్కుపోతుంది. ఆ గాలి ఎక్కడిది? మనం పీల్చేదే. ఆ లోతులో ఒక్క సంచిని లేపడానికి పోయే గాలితో ఒక మనిషి నిమిషం పైన బతుకుతాడు. దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు, ఎందుకంటే పెద్ద సిలిండర్ల కాలంలో వెయ్యకపోయినా చెల్లిపోయింది.

మన రేవులో మాట ఒకటుంది: సంచి ముందు, మనిషి తర్వాత. గాలి తక్కువై సంచి కిందే వదిలేసి వచ్చినవాడి ట్రక్కు అద్దానికి ఖాళీ వలసంచి కడతారు. వాడు ఆ సీజనంతా దాని మీద జోకులు వింటాడు. చిన్నప్పట్నుంచి చూస్తున్నాం, మనమూ నవ్వాం. పడవలో ఉన్న పైమనిషికీ ఇదే రివాజు. తిత్తి ఎర్రగా తేలగానే పడవని అటు తిప్పాలి. పోటు దాన్ని లాక్కుపోయిందా, లైల్ ఆ పైమనిషికి మళ్లీ ఏ పడవలోనూ చోటు దొరకనివ్వడు. దిగినవాడి బుడగలు ఎక్కడున్నాయో తర్వాత చూసుకోవచ్చు. వాడెక్కడికి పోతాడు, వాడికి ఈతొచ్చు కదా.

ఇప్పుడు జనవరి ఆఖరి వారంలో, సీల్ జంతువులు ఎక్కి పడుకునే సీల్ రాళ్ల దగ్గర ఏం జరిగిందో వినండి.

ఎల్డన్ కింద. వెర్నా పడవలో. నీళ్లు గడ్డకట్టడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాయి. ఎల్డన్ సంచి నింపుకుని మీటరు చూశాడు. ముల్లు ఐదు వందల మీద ఉంది. బోర్డు చెప్పినట్టే ఏరడం ఆపేశాడు. సంచి మూతి కట్టాడు. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి తిత్తికి గాలి పట్టాడు. అంత చల్లటి నీళ్లలో, అంత గాలి ఒక్కసారి దూసుకుపోతే రెగ్యులేటర్ లోపల మంచు కడుతుంది. కట్టింది. మీట వదిలేసినా గాలి ఆగలేదు. బుసబుసా పోతూనే ఉంది. సంచి పైకి పోయింది. ఎల్డన్ ఆ పొంగే రెగ్యులేటర్నే నోటికి పెట్టుకుని పైకి బయల్దేరాడు. పది సార్లు ఊపిరి పీల్చేలోపు సిలిండర్ ఖాళీ. సగం దారి కూడా రాలేదు. తేలిపోతున్న సిలిండర్ వీపు మీద పైకి లాగుతోంది, ఊపిరి లేదు, ఆగి నెమ్మదిగా వచ్చే దారి లేదు. బాణంలా వచ్చి పడ్డాడు. లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బి ఊపిరితిత్తి చిట్లింది, గాలిబుడగ నెత్తురులో పడి తలకెక్కింది.

పైకొచ్చినప్పుడు పక్కన పడవ లేదు. పడవ సంచి దగ్గరుంది.

వెర్నా వెనక్కి తిరిగి చూసేసరికి నల్లటి తల ఒకటి దూరంగా పోటులో కొట్టుకుపోతోంది. పడవ తిప్పి, సంచుల్ని ఎత్తే కప్పీ తాడే అతని భుజాల కింద వేసి, ఒక్కతే పైకి లాగింది. అప్పటికే సంచి పడవలో భద్రంగా ఉంది. అది కూడా చెప్పాలి కదా.

విచారణ ఫైర్ స్టేషన్ హాల్లో పెట్టారు. బల్ల వెనక రేవు కమిటీ ముగ్గురు. మధ్యలో లైల్. కుడివైపు రేవు బీమా చూసే క్లిఫర్డ్ ఫాస్. ఎడమవైపు మెర్ల్ బీల్ పెద్దాయన, జీవితమంతా ఇనుప వలలు ఈడ్చినవాడు, నీళ్లలో తలకాయ పెట్టనివాడు. మా డైవర్లని "చదువుకున్న సీళ్లు" అంటాడు. బల్ల మీద కాఫీ, డోనట్లు. వాటి పక్కన, గోడకానించి, మా నాన్న బోర్డు. లైల్ దాన్ని షెడ్డు గుమ్మం మీంచి పీకి తెచ్చాడు, సాక్ష్యానికి.

"ఇదేం కోర్టు కాదు. మనవాళ్లం మనం కూచుని మాట్లాడుకుంటున్నాం" అన్నాడు లైల్.

"మనవాళ్లలో ఒకడు రాలేదు. వాడి కుర్చీలో నీ కోటుంది" అన్నాను.

అతను కోటు తీయలేదు.

ఫాస్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "విషయం చిన్నదే. ఐదు వందలకి పైకి రావాలని నియమం. పడవలో చూసినప్పుడు మీటరు సున్నా. ఐదు వందలకి, సున్నాకి తేడా నాకూ తెలుసు."

"నీకు తెలిసింది అంతవరకే క్లిఫ్" అన్నాను.

"టెస్, నీ వంతు వస్తుంది" అన్నాడు లైల్.

వెర్నాని లేపారు. ఎల్డన్ కోటే వేసుకొచ్చింది, చేతులు లోపలెక్కడో ఉన్నాయి. "ఐదు వందల దగ్గరే ఆపేశానని చెప్పమన్నాడు. మాట ముద్దగా వస్తోంది. మళ్లీ మళ్లీ చెప్పించుకున్నా. ఐదు వందలు, సంచి, మంచు. ఈ మూడు మాటలే అంటున్నాడు."

"మంచు?" అన్నాడు ఫాస్.

"రెగ్యులేటర్లో మంచు. నీ ఫ్రిజ్‌లోది కాదు" అన్నాను.

లైల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వెర్నా, అడక్కూడదు కానీ అడగాలి. అతను పైకొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

వెర్నా నేల చూసింది. "సంచి దగ్గర."

"అతని దగ్గర కాదు."

"కాదు."

అడక్కూడని మాట అడిగి, కావలసింది రాబట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "పోయినేడు సంచి పోగొట్టిందని పైమనిషి డొరిస్‌కి పని లేకుండా చేసిందెవరు లైల్? సంచి దగ్గరికి పోకపోతే నువ్వు బతకనివ్వవు, పోతే వాళ్లాయన బతకడు. ఏది చెయ్యమంటావు, అది చెప్పు. రాసుకుంటాం."

"సంచి ముందు అనేది నేను పెట్టిన మాట కాదు. మీ డైవర్ల మాటే" అన్నాడు. అది నిజం. దాన్నే వాడుకున్నాడు. తర్వాత బోర్డు మీద వేలు పెట్టాడు. "ఇది కూడా నేను రాసింది కాదు. ఈ చేతిరాత ఎవరిదో హాల్లో అందరికీ తెలుసు. ఆసా పెట్టిన నియమంతో ఇన్నేళ్లూ ఒక్కడు కూడా పోలేదు. ఎల్డన్ దాన్ని మీరాడు. చెప్పు టెస్, మీ నాన్న మాట తప్పంటావా?"

హాలంతా నావైపు తిరిగింది. కావాలనే చేశాడు. చచ్చిపోయిన మా నాన్నని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టాడు.

నేను బయటికి పోయి ట్రక్కులోంచి రెండు సిలిండర్లు తెచ్చాను. ఒకటి మా నాన్నది, రంగు పెచ్చులూడిన ఇనుపది. రెండోది లైల్ షెడ్డులోది. పొద్దున్నే రెండిట్లోనూ గాలి తగ్గించి, ముల్లు సరిగ్గా ఐదు వందల మీద ఆపి ఉంచాను. మీటర్లు పట్టుకెళ్లి మెర్ల్ పెద్దాయన ముక్కు కింద పెట్టాను.

"ఎంతుంది పెద్దాయనా?"

"కళ్లజోడు లేదు." లైల్ మొహం చూసి, ఫాస్ కళ్లద్దాలు లాక్కుని పెట్టుకున్నాడు. "రెండూ ఐదు వందలే."

"విను."

రెండు మూతులూ ఒకేసారి, ఒకే కొలతగా తిప్పాను. హాలంతా చెవులు గింగురుమనేలా బుస. డోనట్ల కాగితాలు ఎగిరిపడ్డాయి. ఫాస్ చెవులు మూసుకున్నాడు. ఎవరో ఇక ఆపమ్మా అన్నారు.

"ఆపకు. చివరిదాకా విననీ" అన్నాడు మెర్ల్.

రెండూ సన్నబడుతూ వచ్చాయి. చిన్నది ముందు పలచబడి, ఈల వేసినట్టయి, ఆగిపోయింది. మా నాన్నది ఆగలేదు. హాల్లో అందరూ కూచుని ఆ మిగతా గాలి పోవడం విన్నారు. చాలాసేపు పోయింది. ఎంతసేపంటే జనం కుర్చీల్లో కదలడం మొదలుపెట్టారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఇంకా పోతూనే ఉంది. వెర్నా మొహం చేతుల్లో దాచుకుంది. ఆ బుసలో ఎల్డన్ పైకి రావడం ఆమెకి కనబడుతోందని నాకు తెలుసు. ఇదిగో సగం దారి. ఇదిగో పడవ నీడ. ఇదిగో తల బయట. అప్పుడాగింది ఇనుపది.

మెర్ల్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు వాడి వీపున ఆసాది ఉంటే?"

"నడిచొచ్చి నీ ఎదురుగా కూచునేవాడు" అంది వెర్నా. "నీకంటే ఎక్కువ డోనట్లు తినేవాడు."

ఒకరిద్దరు నవ్వారు, నవ్వి తల దించుకున్నారు.

"మా నాన్న మాట తప్పు కాదు" అన్నాను. "ఆ మాట ఈ సిలిండర్‌కి చెప్పింది కాదు. నువ్వు సిలిండర్ మార్చి మాట ఉంచావు లైల్. మనిషి వీపు మీంచి సగం గాలి తీసేసి, దాని మీద మా నాన్న పేరు కప్పావు."

లైల్ పెన్ను మూత తీశాడు. "మంచి చప్పుడే" అన్నాడు. "కానీ చప్పుడు మీద కమిటీ తీర్పు చెప్పలేదు. నియమం ఉన్నది ఉన్నట్టు ఉంది, మీటరు సున్నా ఉంది."

చేతులెత్తారు. లైల్, ఫాస్ ఒకవైపు. మెర్ల్ ఒక్కడే ఇంకోవైపు. డైవర్ తప్పిదం. ఎల్డన్ కోలుకున్నా ఈ రేవులో అతనికి గాలి నింపరు. ఫాస్ సంతకం పెట్టాడు. తప్పు మనిషిదైతే సిలిండర్లు మార్చక్కర్లేదు, బోర్డు మార్చక్కర్లేదు, ఏదీ మార్చక్కర్లేదు. అందుకే మనిషిది చేశారు.

మర్నాడు మధ్యాహ్నం రేవు మీద వెర్నాని చూశాను. చిన్న సిలిండర్ చంకలో పెట్టుకుని షెడ్డు దగ్గర నిలబడింది. ఆమెకీ డైవింగ్ లైసెన్స్ ఉంది, పిల్లలు పుట్టకముందు నాకంటే బాగా దిగేది. సీజన్లో ఇంకా మిగిలిన రోజులు కొన్నే. బోర్డు మళ్లీ గుమ్మం మీదికొచ్చింది, కొత్త మేకులతో.

"వద్దు" అన్నాను.

"దిగకపోతే ఇల్లు ఎవరు నడుపుతారు, నువ్వా?" అంది. "అరవకు. ఐదు వందలదాకా ఉండను. వెయ్యికే వచ్చేస్తా."

"అలాగా. ముల్లు వెయ్యికొచ్చింది. ఏం చేస్తావో వరసగా చెప్పు."

"పరీక్షా?"

"చెప్పు."

"ఏరడం ఆపేస్తా." విసుగ్గా చేత్తో గాల్లోనే చేసి చూపిస్తోంది. "సంచి మూతి కడతా. రెగ్యులేటర్ తీసి తిత్తికి గాలి పడతా. సంచి పోగానే..."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెగ్యులేటర్ పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి ఉన్నాయి. ఆ వేళ్లవైపే చూస్తూ నిలబడింది.

"నేను మళ్లీ సంచే ముందు పంపా" అంది.

చేతిని అలాగే ఉంచి నావైపు తిరిగింది.

"ఎల్డన్ ఆసుపత్రిలో పడున్నాడు టెస్. అయినా ముందు సంచే పంపా."

చిప్పలు చీల్చే కత్తి నా జేబులోనే ఉంటుంది. పెట్టె ఎక్కి, గుమ్మం మీది బోర్డు మేకులు పీకడం మొదలుపెట్టాను. చప్పుడుకి లైల్ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏయ్. అది రేవు ఆస్తి."

"రాత మా నాన్నది."

"చెక్క నాది."

"సరే, చెక్క ఉంచుకో" అని, బోర్డు మోకాళ్ల మీద పెట్టుకుని, మా నాన్న రాసిన అక్షరాలు ఒక్కొక్కటే కత్తితో గీకేశాను. ఎర్రరంగు పొట్టులా రాలింది. గట్టి రంగు, మంచి చెయ్యి, తొందరగా పోలేదు. చిన్నప్పుడు ఆయన రాస్తుంటే డబ్బా పట్టుకున్నది నేనే. ఐదు పోయింది, వందలు పోయింది. "పైకి" అన్నది మాత్రం గీకబుద్ధి కాలేదు. అదొక్కటి ఉంచి, చెక్క లైల్ చేతిలో పెట్టాను.

"పిచ్చెక్కింది నీకు" అన్నాడు. కానీ మెల్లగా అన్నాడు. బోర్డు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

వెర్నా చంకలోని సిలిండర్ తీసి అతని బూట్ల ముందు నిలబెట్టింది. "దీంట్లో గాలి నింపకు లైల్. నాకొద్దు."

"సోమవారం దిగవా?"

"దీనితో దిగను."

"అయితే రేవులో నీ పడవ చోటు..."

"నా చోటు కావాలంటే చోటు తీసుకో. మా ఇంట్లోంచి ఇంకొకరిని మాత్రం ఇవ్వను."

అంతే జరిగింది. సోమవారం తెల్లారేసరికి వెర్నా పడవ రేవుకి కట్టేసే ఉంటుంది. దాని పక్కన నాది. నిన్న సాయంత్రం మెర్ల్ బీల్ ఫోన్ చేసి, సీళ్లన్నీ ఒడ్డెక్కితే ఇనుప వలవాళ్లు కూడా ఒక రోజు పడవలు కట్టేసి పడుకుంటారన్నాడు. ఆయన మాట ఎంతమంది వింటారో తెలియదు. మిగతా డైవర్లలో కొందరు వస్తామన్నారు, కొందరు సీజను పోతుందని గొణిగారు. వాళ్లని తిట్టను. సోమవారం మీటరు చూసుకునేటప్పుడు ఆ హాల్లో చిన్న సిలిండర్ ఈల వేసి ఆగిపోయిన చప్పుడు ఒకసారి గుర్తు తెచ్చుకోమంటాను.

ఇప్పుడు లైల్, క్లిఫర్డ్, మీరు చెయ్యాల్సింది చెయ్యండి. ఆ చిన్న సిలిండర్లు షెడ్డులోంచి తియ్యండి. అమ్మేసిన ఇనుపవి మళ్లీ కొనండి. దొరకవంటే అంతే పెద్దవి తెండి. సంచి లేపే గాలికి వేరే బుడ్డి పెట్టండి, మనిషి పీల్చే గాలిలోంచి ఒక్క బుడగ కూడా సంచికి పోకూడదు. ఒంటరిగా దిగే ప్రతి మనిషి ఛాతీ దగ్గర ఇంకో చిన్న బుడ్డి, దాని రెగ్యులేటర్ దానికే ఉండాలి. మంచు కట్టినా, మీటరు చెడినా దాంతో పైకొచ్చెయ్యాలి. పైమనిషి పడవ బుడగల మీదే ఉండాలి, సంచి పోటులో కొట్టుకుపోతే పోనివ్వండి. గుమ్మం మీద కొత్త బోర్డు పెట్టండి. దాని మీద ముల్లు అంకె రాసేముందు, ఏ సిలిండర్‌కో అది రాయండి. ఎల్డన్ పేరు మీది ఆ రెండు మాటలు కొట్టేసి, కొట్టేశామని అదే హాల్లో, అతని కుర్చీలోంచి లైల్ కోటు తీసేసి, అందరూ వినేలా చదవండి.

ఇవన్నీ సోమవారంలోపు చెయ్యండి. అందాకా ఈ రేవు నుంచి ఎవరూ దిగొద్దు.